పది రోజుల సెలవు, రెండు డే ట్రిప్పులు

విదేశానికి పది రోజులు వెళ్తున్నాం అంటే చేతిలో పది రోజులు ఉన్నట్టు కాదు. విమానాలకి రెండు రోజులు పోతాయి. దిగిన రోజు నిద్రమత్తులో పోతుంది. ఏ పని మీద వెళ్తున్నామో ఆ పనికి ఒక రోజు. ఇక మిగిలినవే మనవి. ఈ కూడికలు తీసివేతలు టికెట్లు బుక్ చేయకముందే అయిపోవాలి.

మాది గుంటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. మా చెల్లి 2023 సెప్టెంబర్‌లో డేటా సైన్స్‌లో మాస్టర్స్ చదవడానికి లండన్ వెళ్ళింది. 2024 నవంబర్‌లో దాని గ్రాడ్యుయేషన్. చదువు అయిపోయింది, ఇప్పుడు ఒక పక్క ఉద్యోగం వెతుక్కుంటూ ఇంకో పక్క ఒక షాపులో షిఫ్టులు చేస్తోంది. లోన్ ఈఎంఐ ఉంది కాబట్టి ఇప్పట్లో ఇండియా వచ్చే మాట లేదు. "దాని చేతిలో పట్టా పెడుతుంటే నేను చూడాలి" అంది అమ్మ. అంతే, ప్రయాణం ఖాయమైపోయింది.

నాకు ఆఫీసులో దొరికింది ఆరు రోజుల లీవ్. శని ఆదివారాలు కలుపుకుంటే పది రోజులు. శనివారం బయలుదేరి, మళ్ళీ సోమవారం లండన్‌లో విమానం ఎక్కి, మంగళవారం పొద్దున హైదరాబాద్‌లో దిగి అటునుంచి అటే ఆఫీసుకి.

వెళ్తున్నాం అని తెలియగానే చుట్టాలందరూ గైడ్‌లైపోయారు. మా పిన్ని కొడుకు ఒక్కడే నాకు నలభై మూడు రీల్స్ పంపాడు. స్టోన్‌హెంజ్, బాత్, ఆక్స్‌ఫర్డ్, హ్యారీ పాటర్ స్టూడియో, అన్నీ "మస్ట్ విజిట్" అట. "పారిస్ కూడా రెండున్నర గంటలే అక్కా" అన్నాడు. రైలు రెండున్నర గంటలే, నిజమే. కానీ యూకే వీసాతో ఫ్రాన్స్‌లో అడుగు పెట్టనివ్వరు, షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి. అది ఎవరూ రీల్‌లో చెప్పరు.

మొదట చెల్లి షిఫ్టులు, తర్వాతే మ్యాప్

నేను ప్లాన్ మొదలుపెట్టింది గూగుల్ మ్యాప్‌తో కాదు. చెల్లి డ్యూటీ చార్ట్‌తో. దానికి మామూలుగా మంగళవారం, శుక్రవారం సెలవు. బుధవారం గ్రాడ్యుయేషన్, ఎలాగూ లీవ్ పెట్టింది. ఇంకొక అమ్మాయితో షిఫ్ట్ మార్చుకుని రెండో ఆదివారం కూడా ఖాళీ చేసుకుంది. అంటే పది రోజుల్లో అది మాతో రోజంతా ఉండగలిగేది ఫంక్షన్ రోజు కాకుండా మూడు రోజులు.

లండన్ బయటికి వెళ్ళే డే ట్రిప్ ఏదైనా ఆ మూడు రోజుల్లోనే పెట్టాలని నియమం పెట్టుకున్నాను. దాని డ్యూటీ రోజున నేనూ అమ్మా ఎక్కడికో పోయి ఫోటోలు దిగి, రాత్రి అలసిపోయి వచ్చిన పిల్లకి ఆ ఫోటోలు చూపించడం నాకు ఇష్టం లేదు. మీరు ఎవరింటికైనా వెళ్తుంటే ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడున్న వాళ్ళకి అది టూర్ కాదు, మామూలు వారం. వాళ్ళ సెలవులు ఎప్పుడో ముందు కనుక్కుని, ఊళ్ళు తర్వాత చూసుకోవాలి.

మూడు రోజుల్లో ఒకటి ఖాళీగా వదిలేద్దాం అని కూడా అప్పుడే అనుకున్నాం. దానికి కారణం చివర్లో చెప్తాను. ఇక మిగిలింది రెండు. నలభై మూడు రీల్స్‌కి రెండు రోజులు!

వెలుతురు ఎంతసేపు?

డిస్టెన్స్ చూస్తాం, టికెట్ రేటు చూస్తాం, సూర్యాస్తమయం మాత్రం ఎవరమూ చూడం. మన దగ్గర ఏ నెలలో అయినా సాయంత్రం ఐదున్నర దాకా వెలుతురు గ్యారంటీ. లండన్‌లో నవంబర్ మధ్యలో పొద్దున ఏడుంబావు దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగుంబావుకల్లా పొద్దు గూకుతుంది. తొమ్మిది గంటలు కూడా ఉండదు పగలు. అదే జూన్‌లో అయితే రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. అంటే జూన్‌లో వెళ్ళిన వాళ్ళ ఐటినరరీ నవంబర్‌లో వెళ్ళే మనకి పనికిరాదు.

రెండోది, రైలు ప్రయాణం ఎంత అని కాదు చూడాల్సింది, గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత అని. చెల్లి ఉండేది ఈస్ట్ హామ్‌లో, నలుగురు అమ్మాయిలతో కలిసి. మేము దానికి రెండు వీధుల అవతల ఒక చిన్న గది తీసుకున్నాం. అక్కణ్ణుంచి స్టోన్‌హెంజ్ లెక్క చూడండి. వాటర్లూ స్టేషన్‌కి ముప్పావు గంట. రైలు కోసం పావు గంట. సాల్స్‌బరీకి గంటన్నర. అక్కణ్ణుంచి బస్సులో అరగంట పైనే. ఒక వైపుకే మూడు గంటలు. పోను రాను ఆరు గంటలు పోతే, ఆ తొమ్మిది గంటల పగట్లో ఇక చూసేదేముంది?

స్టోన్‌హెంజ్ నాలుగున్నర వేల ఏళ్ళ నాటిది, వాటిలో కొన్ని రాళ్ళని 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న వేల్స్ నుంచి తెచ్చారు అని అమ్మకి గొప్పగా చెప్పాను. మొత్తం విని, "రాళ్ళేగా? కొండవీడులో లేవా?" అంది. స్టోన్‌హెంజ్ లిస్టులోంచి ఎగిరిపోయింది.

నా లెక్క ఒకటే. గుమ్మం నుంచి గుమ్మానికి రెండు గంటలు దాటే ఊరు డే ట్రిప్‌కి వద్దు. ఈ జల్లెడలో పోస్తే మాకు మిగిలినవి కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, బ్రైటన్. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండూ పాత యూనివర్సిటీ ఊళ్ళే, ఒకటి చాలు. కింగ్స్ క్రాస్‌కి ఈస్ట్ హామ్ నుంచి రైలు మారకుండా వెళ్ళొచ్చు కాబట్టి కేంబ్రిడ్జ్ గెలిచింది. విక్టోరియా స్టేషన్‌కి కూడా మారనక్కర్లేదు, అందుకని బ్రైటన్. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రైలు మారడం అంటే మెట్లు ఎక్కి దిగడం. గ్రూపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని బట్టే రూట్ వేయాలి.

ముగ్గురు ఉంటే మూడో వంతు తగ్గింపు

డబ్బుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పౌండ్‌ని వందకి పైగా పెట్టి గుణించుకుంటూ తిరిగే వాళ్ళమే కదా మనమంతా.

ఇంగ్లండ్‌లో మామూలు రోజుల్లో పొద్దున ఆఫీసు వేళల్లో రైలు ఎక్కితే రేటు ఎక్కువ. సుమారు తొమ్మిదిన్నర దాటాక ఎక్కితే ఆఫ్-పీక్ టికెట్, చాలా తక్కువ. దాని మీద గ్రూప్‌సేవ్ అని ఒక తగ్గింపు ఉంది. ముగ్గురి నుంచి తొమ్మిది మంది పెద్దవాళ్ళ దాకా కలిసి ప్రయాణం చేస్తే చాలా రైళ్ళలో మూడో వంతు తగ్గుతుంది. కార్డులూ గీర్డులూ అక్కర్లేదు, టికెట్ కొనేటప్పుడు ఎంచుకుంటే చాలు. మేము సరిగ్గా ముగ్గురం. కాకపోతే ఇది కావాలంటే మెట్రోలో లాగా కార్డు ట్యాప్ చేసి ఎక్కేయకూడదు, టికెట్ విడిగా కొనాలి.

లండన్ లోపల మాత్రం ట్యాప్ చేయడమే నయం, రోజుకి ఇంతకంటే ఎక్కువ కట్ అవదు అని ఒక లిమిట్ ఉంటుంది. కానీ ఒక కార్డు ఒక్కరికే. అమ్మకి వేరే కార్డు ఇచ్చి మెడలో ట్యాగ్‌కి తగిలించాం. "స్కూలు పిల్లలా ఉన్నానే" అని రోజంతా నవ్వుకుంది.

ఇంకో మంచి సంగతి, శనివారం ఆదివారం పట్టాల రిపేర్లు పెట్టుకుంటారు అక్కడ. రైలు ఉండాల్సిన చోట బస్సు ఉంటుంది, గంట ప్రయాణం రెండు గంటలవుతుంది. చెల్లి సెలవులు మంగళ, శుక్రవారాలు కావడం మాకు కలిసొచ్చింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఒక చిన్న మాట. లండన్‌లోని కింగ్స్ క్రాస్, విక్టోరియా లాంటి పెద్ద స్టేషన్లలో టాయిలెట్లు 2019 నుంచి ఉచితం. ఈ ఒక్క విషయం తెలిస్తే మా అమ్మలాంటి వాళ్ళు నీళ్ళు తాగడం మానేయరు.

కేంబ్రిడ్జ్‌లో ఒక రావుగారు

మంగళవారం. జెట్‌లాగ్ పుణ్యమా అని అమ్మ నాలుగింటికే లేచింది. అప్పటికి మన దగ్గర తొమ్మిదిన్నర, ఆమె టైం ప్రకారం చాలా ఆలస్యంగా లేచినట్టు! మేము లేచేసరికి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దేసింది.

కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్‌కి ఫాస్ట్ రైలు అయితే యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాల్లో ఒకటి జరిగింది. కిటికీలోంచి మంచు పట్టిన పొలాలు చూస్తూ చెల్లి మామూలుగా అనేసింది, "పోయిన చలికాలం హీటర్ బిల్లు భయానికి గదిలో జాకెట్ వేసుకునే ఉండేదాన్ని. నీ వీడియో కాల్ వస్తే జాకెట్ తీసేసి ఎత్తేదాన్ని అమ్మా" అని.

పద్నాలుగు నెలలుగా రోజూ మాట్లాడుకుంటున్నాం. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్‌లో చెప్పే మాట కాదు కూడా. ఇంట్లో అయితే అమ్మ గిన్నెల దగ్గర ఉంటుంది, నేను ల్యాప్‌టాప్ దగ్గర ఉంటాను, అది డ్యూటీకి పరిగెడుతుంటుంది. రైల్లో ఎవరికీ ఏ పనీ లేదు. ముగ్గురం ఎదురెదురుగా కూర్చున్నాం, అంతే.

అమ్మ ఏడవలేదు. పులిహోర డబ్బా మూత తీసి దాని చేతిలో పెట్టి "తిను" అంది. పది గంటలకి పులిహోర ఏంటి అని చెల్లి అనలేదు.

కేంబ్రిడ్జ్ స్టేషన్ ఊరి మధ్యలో ఉండదు, రెండు కిలోమీటర్లు వెళ్ళాలి. బస్సెక్కాం. కింగ్స్ కాలేజ్ చాపెల్ 1446లో మొదలుపెట్టి, రాతి కట్టడం పూర్తి చేసేసరికి 1515 అయింది. పైకప్పు చూస్తే రాతిని విసనకర్రల్లా విప్పి పరిచినట్టుంటుంది. అమ్మ ఒక బెంచీ మీద కూర్చుని తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. ఆ పక్కనే ట్రినిటీ కాలేజ్, రామానుజన్ 1914 నుంచి ఉన్న చోటు. శాకాహారి, తన వంట తనే వండుకునేవాడు, ఒంట్లో బాగోక 1919లో తిరిగి వెళ్ళిపోయాడు, మరుసటి ఏడు పోయాడు అని చెల్లి చెప్తుంటే అమ్మ "వాళ్ళమ్మ ఏమైపోయిందో" అంది. గణితం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

చెల్లి అసలు చూద్దామనుకుంది మాత్రం ఇంకొకరి కోసం. దాని సిలబస్‌లో క్రామర్-రావు అని ఒక సిద్ధాంతం ఉందట. "ఆ రావు మన రావేనా?" అని అమ్మ. మన రావే. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు. తెలుగు కుటుంబం, ఆంధ్ర యూనివర్సిటీలో ఎం.ఏ. గణితం. 1946లో కేంబ్రిడ్జ్ మ్యూజియంలో పాత ఎముకల కొలతల లెక్కలు తేల్చే పని మీద వచ్చి, కింగ్స్ కాలేజ్ నుంచి 1948లో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్నారు. 102 ఏళ్ళు బతికి 2023 ఆగస్టులో పోయారు. సరిగ్గా అప్పుడే చెల్లి లండన్‌కి పెట్టె సర్దుకుంటోంది.

"నేను ఇంటర్వ్యూల్లో రిజెక్ట్ అయిన రోజు ఈయన పేరు గుర్తు చేసుకుంటాను అక్కా. విశాఖలో చదువుకున్నాయన ఎముకలు కొలిచే ఉద్యోగానికి వచ్చాడు కదా అని" అంది. నాకు అప్పటిదాకా అది ఎన్ని ఇంటర్వ్యూల్లో రిజెక్ట్ అయిందో కూడా తెలియదు. పదిహేడు.

మూడున్నరకి నది దగ్గర టీ తాగి, చీకటి పడేసరికి రైల్లో ఉన్నాం. ఊళ్ళో ఉన్నది నాలుగు గంటలే. నాలుగు గంటల్లో రెండే రెండు చోట్లు. పడవ ఎక్కలేదు, మ్యూజియాల్లోకి వెళ్ళలేదు. కానీ ఎవరం కాళ్ళు ఈడ్చుకుంటూ రాలేదు. మర్నాడు గ్రాడ్యుయేషన్‌లో అమ్మ పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని, దాని పేరు పిలిచినప్పుడు నించోగలిగింది.

డ్యూటీ రోజున దగ్గర్లోనే

గురువారం చెల్లికి షిఫ్ట్. ఆ రోజుకి అమ్మనీ నన్నూ బ్రిటిష్ మ్యూజియం వెళ్ళమంది. టికెట్ లేదు, ఉచితం. అక్కడ అమరావతి శిల్పాలకి విడిగా ఒక గది ఉంది, 33ఏ. గుంటూరు వాళ్ళం కాబట్టి మిగతావేవీ చూడకుండా తిన్నగా అక్కడికే పోయాం. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించిన రాళ్ళు ఇవి, 1859లో లండన్ చేరాయి. ఇక్కడ నూటఇరవైకి పైగా ఉన్నాయి.

అమ్మ అమరావతి గుడికి కార్తీక మాసంలో ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు. అద్దం వెనక తెల్లటి రాయి మీద చెక్కిన స్తూపాన్ని చూస్తూ, "ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పట్టించుకోలేదు, చూడు" అంది. తర్వాత కాసేపాగి, "బాగానే చూసుకుంటున్నట్టున్నార్లే" అంది. ఆ మాట రాళ్ళ గురించో, చెల్లి గురించో నేను అడగలేదు.

ఇసుక లేని సముద్రం

శుక్రవారం బ్రైటన్. విక్టోరియా నుంచి గంట. స్టేషన్ నుంచి సముద్రం దాకా పల్లంలోకి నడకే, తిరిగి రావడానికి మాత్రం బస్సు ఎక్కాలని ముందే రాసిపెట్టుకున్నాను. దిగడం సులువు, ఎక్కడం అమ్మ మోకాళ్ళకి కష్టం.

దారిలో రాయల్ పెవిలియన్. గుమ్మటాలు, మినార్లు చూసి "నిజాం గాని కట్టాడా?" అంది అమ్మ. ఇండియా మొహం ఎప్పుడూ చూడని రాజు, నాలుగో జార్జ్, ఇరవైల్లో కాదు, 1815 నుంచి 1822 మధ్య ఇండియా మోజుతో ఆ రూపంలోకి మార్పించుకున్న ప్యాలెస్ అది. అసలు కథ ఆ తర్వాత. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారతీయ సైనికులకి 1914 డిసెంబర్ నుంచి అదే ఆసుపత్రి. హిందువులకి, ముస్లింలకి వేర్వేరు వంటశాలలు, వేర్వేరు నీళ్ళ కుళాయిలు పెట్టారు. అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్ని ఊరి బయట గుట్టల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో ఛత్రీ అనే పాలరాతి మండపం కట్టారు. అక్కడికి వెళ్ళాలంటే గుట్ట మీదికి నడవాలి. మేము వెళ్ళలేదు. పెవిలియన్ తోట పక్కన ఇండియా తరఫున కట్టించి ఇచ్చిన గేటు దగ్గర నిలబడి అమ్మ అటువైపు ఒక నమస్కారం పెట్టింది. "ఎవరి బిడ్డలో. ఇంటికి కబురు ఎన్నాళ్ళకి చేరిందో."

బీచ్‌లో ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళు. సూర్యలంక బీచ్‌లో చెప్పులు విప్పి పరిగెత్తిన వాళ్ళకి అదొక వింత. ఒక నున్నటి రాయి తీసి అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోబోయింది. "అమ్మా, ఇక్కడి రాళ్ళు పట్టుకుపోకూడదు, రూల్" అని చెల్లి. "వీళ్ళా చెప్పేది!" అని మా అమ్మ. ముందు రోజు చూసొచ్చిన గది ఇంకా కళ్ళలోనే ఉంది కదా. ముగ్గురం పడీ పడీ నవ్వాం. రాయి మాత్రం అక్కడే పెట్టేసింది.

నాలుగింటికి పొద్దు వాలుతుంటే పియర్ దగ్గర గోరింకల జాతి పిట్టలు వేలకొద్దీ గుంపుగా లేచాయి. పొగలా సాగి, ముద్దలా దగ్గరై, మళ్ళీ సాగి. చలికాలంలో ఆ టైంకే కనిపిస్తాయట. త్వరగా చీకటి పడుతుందని నెలరోజులుగా తిట్టుకున్నాను గానీ, జూన్‌లో వచ్చుంటే ఇది ఉండేది కాదు.

ఖాళీ రోజు

ఆ వదిలేసిన ఆదివారం సంగతి. ప్లాన్ పంపినప్పుడు చెల్లే అడిగింది, "ఒక్క రోజు ఎక్కడికీ వద్దు అక్కా, ప్లీజ్" అని. దానికి పద్నాలుగు నెలల్లో వరుసగా రెండు రోజులు విశ్రాంతి దొరికిన వారం లేదు. మా పిన్ని కొడుకు అయితే "లండన్ వెళ్ళి గదిలో కూర్చుంటారా?" అని తల పట్టుకున్నాడు.

కూర్చున్నాం. శనివారం షిఫ్ట్ దిగి రాత్రి మా గదికే వచ్చేసింది. అమ్మ పక్కన పడుకుంది. పొద్దున అమ్మ ఎనిమిదింటికల్లా ఈస్ట్ హామ్ షాపుల్లో వంకాయలు కొనుక్కొచ్చి గుత్తి వంకాయ చేసింది, గుంటూరు నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసాల్లోకి సర్దింది. నేను దాని రెజ్యూమె ముందేసుకుని కూర్చుని లైన్ బై లైన్ సరిచేశాను. సాయంత్రం పెట్టెలు సర్దుకున్నాం. ఒక్క ఫోటో కూడా లేదు ఆ రోజుది.

మీరు ఎక్కడికి వెళ్ళినా, ఎన్ని రోజులున్నా, క్యాలెండర్‌లో ఒక గడిని అలా వదిలేయండి. వాన పడితే, ఎవరికైనా జ్వరం వస్తే, రైలు రద్దయితే ఆ రోజు అక్కరకొస్తుంది. అవేవీ జరక్కపోతే ఇంకా మంచిది.

తిరిగొచ్చాక గుంటూరులో అమ్మని అందరూ అడుగుతున్నారు, లండన్‌లో ఏం చూశావు అని. కేంబ్రిడ్జ్ గురించి ఒక ముక్క చెప్తుంది, పిట్టల గురించి ఒక ముక్క చెప్తుంది. ఆ తర్వాత, ఎవరడిగినా, ఒకేలా ముగిస్తుంది: "ఆదివారం నాడు పదకొండింటి దాకా పడుకుందమ్మా పిల్ల. లేపలేదు నేను."